ర్యామ్ మార్చాక బొమ్మ రాకపోతే



శివరాత్రి నాలుగు రోజులుందనగా నరసరావుపేటలో డీటీపీ సెంటర్ల వాళ్లకీ, ఫ్లెక్సీలు వేసేవాళ్లకీ అన్నం తినే తీరిక ఉండదు. కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు కదులుతాయి. ప్రభ కట్టిన ప్రతి ఊరికీ ఫ్లెక్సీలు కావాలి, కరపత్రాలు కావాలి, చందా పుస్తకాలు కావాలి. అలాంటి రోజుల్లో ఒక రాత్రి పదింటికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడికి మల్లమ్మ సెంటర్ దగ్గర్లో చిన్న డీటీపీ కొట్టు ఉంది.

"మావయ్యా, సిస్టమ్ పోయింది. పొద్దున కొత్త ర్యామ్ వేశా. పవర్ వస్తంది, ఫ్యాన్ తిరుగుతంది, డిస్‌ప్లే మాత్రం రావట్లా. ఒకతను వచ్చి చూసి మదర్‌బోర్డు కొట్టేసిందన్నాడు. డిజైన్లన్నీ దాంట్లోనే ఉన్నయ్" అన్నాడు. చివరి మాట దగ్గర వాడి గొంతు పూడుకుపోయింది.

ఇదే కబురు నేను మాచర్ల నుంచి విన్నాను, గురజాల నుంచి విన్నాను, సత్తెనపల్లి నుంచి విన్నాను. నెట్ సెంటర్ నడుపుకునేవాళ్లు, కమీషన్ కొట్టులో లెక్కలు రాసేవాళ్లు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు, అందరిదీ ఒకటే వరస. స్పీడు పెరుగుతుందని ర్యామ్ వేస్తారు. మూత బిగించి స్విచ్ వేస్తారు. తెర నల్లగా ఉంటుంది. అక్కడి నుంచి కంగారు మొదలు. ఆ కంగారులో మంచి మదర్‌బోర్డులు పాత ఇనుము బేరానికి పోవటం నేను కళ్లారా చూశాను. అందుకే ఈ పూట ఈ ఒక్క సంగతే మాట్లాడదలిచాను.

మా వాడికి ముందుగా చెప్పింది, మీకూ ముందుగా చెబుతున్నాను. మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. పెళ్లి ఫొటోలు, లెక్కల పుస్తకం, డిజైన్లు, అన్నీ హార్డ్‌డిస్క్‌లోనో ఎస్‌ఎస్‌డీలోనో ఉంటాయి. ర్యామ్‌లో ఏవీ నిలవ ఉండవు. కరెంటు తీస్తే ర్యామ్ ఖాళీ. మదర్‌బోర్డు నిజంగానే పోయిందనుకున్నా, ఆ హార్డ్‌డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. కాబట్టి ఎవరన్నా "ఫార్మాట్ కొట్టాలి" అంటే ఒప్పుకోకండి. తెర మీద బొమ్మే రాని జబ్బుకి ఫార్మాట్ మందు కాదు.

ర్యామ్ ఎందుకు ఖాళీ అవుతుందో తెలిస్తే ఈ రోగం సగం అర్థమవుతుంది. ఇప్పుడు మనం వాడే ర్యామ్‌కి మూలమైన ఆలోచన ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుది. 1966లో ఆయనకు తట్టింది, 1968లో పేటెంట్ వచ్చింది. ఒక్కో అక్షరపు తునకనీ ఒక బుల్లి కెపాసిటర్‌లో కొద్దిపాటి విద్యుత్తుగా దాచటం, దానికి కాపలాగా ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌ని పెట్టటం, ఇంతే ఆ కిటుకు. అయితే ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. పోసింది పోసినట్టే కారిపోతుంటుంది. అందుకని ప్రతి కుండనీ 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా మళ్లీ నింపాలి, అంటే సెకనుకు 15 సార్లకు పైగా. 8 జీబీ ర్యామ్‌లో అలాంటి కుండలు సుమారు 6,872 కోట్లు. 1970లో ఇంటెల్ అమ్మిన ఈ తరహా మొదటి ర్యామ్ చిప్పులో 1,024 ఉండేవి. ఇన్ని కోట్ల కుండల్ని తడవతడవకీ నింపుతూ, ఏ కుండలో ఏముందో తడుముకోకుండా చెప్పాలంటే ర్యామ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య ప్రతి తీగా సరిగ్గా అంటాలి. డెస్క్‌టాప్‌లో వేసే డీడీఆర్3 ర్యామ్‌కి 240 బంగారు పూత పళ్లుంటాయి, డీడీఆర్4కి 288. అందులో ఒక్కటి అంటకపోయినా కంప్యూటర్ మొత్తం మొరాయించవచ్చు.

మరి తెర మీద కనీసం ఫలానా తప్పని కూడా రాదేమని అడుగుతారు. స్విచ్ వేయగానే కంప్యూటర్ చేసే మొదటి పని విండోస్ తెరవటం కాదు. తన ఒళ్లు తాను తడిమి చూసుకుంటుంది. ప్రాసెసర్ ఉందా, ర్యామ్ ఉందా, డిస్‌ప్లే ఉందా అని వరసగా చూస్తుంది. ర్యామ్ దగ్గరే ఆగిపోతే తెర దాకా రాదు. పైగా మన దగ్గర ఎక్కువ కంప్యూటర్లకు డిస్‌ప్లే మదర్‌బోర్డు మీదిదే, దానికి బొమ్మ గీసుకునే పలక కూడా ర్యామ్‌లోంచి తీసుకున్న ముక్కే. పలకే లేకపోతే బొమ్మ ఎక్కడ గీస్తుంది? అందుకని నోటిమాటగా బీప్ అంటుంది. ఎన్ని బీపులకు ఏమి అర్థమో ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. చాలా బోర్డుల్లో పొడుగాటి బీప్ ఆగి ఆగి మోగుతూనే ఉంటే అది ర్యామ్ గోల. కొన్ని కొత్త బోర్డుల్లో బీప్ బదులు చిన్న లైటు, పక్కన డీర్యామ్ అని అచ్చు ఉంటుంది. ఈ మధ్య వచ్చే క్యాబినెట్లలో ఆ బీప్ అనే స్పీకరు పెట్టటం మానేశారు. వేలిగోరంత స్పీకరు, కొద్ది రూపాయలకు దొరుకుతుంది, కంప్యూటర్ కొట్లో అడిగి తెచ్చి తగిలించుకోండి. కంప్యూటర్‌కి అంతకన్నా చవకైన వైద్యుడు లేడు.

ఆ రాత్రి ఫోన్‌లోనే మా వాడికి ఒక పని చెప్పాను. "ప్లగ్గు తీసెయ్. తీశాక పవర్ బటన్ ఒక అర నిమిషం నొక్కిపట్టు, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనప రేకుని చేత్తో ఒకసారి తాకు. కొత్త ర్యామ్ తీసెయ్. పొద్దున ఏ ర్యామ్‌తో పనిచేసిందో అదొక్కటే, అదే స్లాట్‌లో వెయ్యి."

ఇనప రేకుని తాకమనటం ఎందుకంటే, పొడి గాలిలో మన ఒంట్లో విద్యుత్తు పేరుకుంటుంది. చలికాలం ఉన్ని దుప్పటి లాగితే చిటపటమంటుందే, అదే. మనకు చీమకుట్టినట్టు కూడా తెలియనంత విద్యుత్తుకి ర్యామ్ చిప్పు చచ్చిపోగలదు.

పావుగంటకి మళ్లీ ఫోన్. "పాతది వేసినా రావట్లా మావయ్యా. బోర్డు పోయినట్టే."

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. వినేవాళ్లకి కూడా అదే అనిపించి ఉంటుంది, పాత ర్యామ్‌తో కూడా రాలేదంటే ఇంకేముందని. తెల్లారి మొదటి బస్సుకి నేనే వెళ్లాను. మూత తీసి చూస్తే, ర్యామ్ ఒక చివర కూర్చుంది, రెండో చివర వరిగింజంత ఎత్తున లేచి ఉంది. ఆ వైపు క్లిప్పు సగమే మూసుకుంది. తీసి, స్లాట్‌లో దుమ్ము ఊది, ర్యామ్‌లో ఉన్న గాటు స్లాట్‌లో ఉన్న గట్టుకి ఎదురుగా వచ్చిందో లేదో చూసి, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా నొక్కాను. టిక్కు మని రెండు క్లిప్పులూ వాటంతటవే పడ్డాయి. ఆ చప్పుడు వినిపించాలి. అది వినకుండా మూత బిగించకూడదు. స్విచ్ వేశాం. ఒక్క చిన్న బీప్, తెర వెలిగింది. పని అయిపోయిందని మా వాడు ప్రింటర్ వైపు వెళ్లబోతే నేనే ఆపాను. కొత్త ర్యామ్ సంగతి తేలలేదు గదా.

దానికంటే ముందు ఇంకో పరీక్ష చెప్పాలి. క్లిప్పు పడినా బొమ్మ రాకపోతే, స్పీకరు తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి, ఖాళీ స్లాట్లతో స్విచ్ వేయండి. బీప్ బీప్ అని అరిచిందా, బోర్డు బతికే ఉంది, ప్రాసెసర్ బతికే ఉంది, ర్యామ్ లేదని చెప్పేంత తెలివిలో ఉన్నాయి. నాడి దొరికినట్టు లెక్క. అరవకపోతే అప్పుడు తీగలు చూడండి. ర్యామ్ నొక్కేటప్పుడు మోచేయి తగిలి, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి వచ్చే వైరు వదులవటం మామూలే. పెద్ద 24 పిన్నుల కనెక్టరు ఒకటి, ప్రాసెసర్ పక్కన 4 లేక 8 పిన్నుల కనెక్టరు ఇంకొకటి ఉంటాయి. ఆ చిన్నది ఊడితే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి గానీ ప్రాసెసర్‌కి కరెంటు అందదు, తెర వెలగదు. మానిటర్ కేబులు కూడా ఒకసారి నొక్కి చూడండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసినా దాని లోపల ప్రాణం తీసే విద్యుత్తు కొంతసేపు నిలవ ఉంటుంది.

కొత్త ర్యామ్ సంగతికి వస్తాను. పాతది తీసి ఆ కొత్త 8 జీబీని ఒంటరిగా అదే స్లాట్‌లో వేశాను. చీకటి. రెండో స్లాట్‌లో వేశాను. చీకటే. అదే ర్యామ్‌ని ఎదురు కొట్లో ఉన్న ఇంకో కంప్యూటర్‌లో వేస్తే చక్కగా పనిచేసింది. అంటే ర్యామ్ మంచిదే, బోర్డూ మంచిదే. ఒకదానికొకటి కుదరలేదు. మా వాడిది జీ41 అనే చిప్‌సెట్ ఉన్న పాత బోర్డు. ఆ రకానికి స్లాటుకి 4 జీబీ, రెండు స్లాట్లకు కలిపి 8 జీబీ, అంతే మోయగలదు. 8 జీబీ ఒకే పలకగా ఇస్తే దానికి లెక్క తెలియదు. అంతకన్నా తిరకాసు, 4 జీబీలో కూడా అది ఒప్పుకునేది రెండు వైపులా కలిపి 16 చిప్పులున్న ర్యామ్‌ని. అదే 4 జీబీని 8 పెద్ద చిప్పుల్లో సర్దితే ఒప్పుకోదు. కాబట్టి పాత బోర్డుకి ర్యామ్ కొనేటప్పుడు చిప్పులు వేలు పెట్టి లెక్కపెట్టుకోండి. మా వాడు మధ్యాహ్నానికి దాన్ని మార్చి 16 చిప్పుల 4 జీబీలు రెండు తెచ్చాడు. సాయంత్రానికి ఫ్లెక్సీ కొట్టుకి డిజైన్లు వెళ్లాయి.

డీటీపీ వాళ్లకు ఇంకొక మాట. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం 32 బిట్ విండోస్‌నే అట్టిపెట్టుకున్నవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. దాంట్లో 8 జీబీ వేసినా సుమారు మూడుంపావు, మూడున్నర జీబీ వరకే వాడుకుంటుంది. మిగతాది మోసం అనుకోకండి. విండోస్ 64 బిట్‌కి మారితేనే అది అక్కరకొస్తుంది. ముందు ఆ సంగతి చూసుకుని కొనాలి.

రకాల పేర్లు కూడా ఒకసారి చెబుతాను, కాగితం మీద రాసుకోండి. డీడీఆర్2 నడిచేది 1.8 వోల్టులకు, డీడీఆర్3 1.5కి, డీడీఆర్4 1.2కి, డీడీఆర్5 1.1కి. ఒకటి ఇంకొకదాంట్లో పట్టదు, పట్టకూడదనే గాటు చోటు మార్చి చేశారు. పట్టనప్పుడు బలం చేయొద్దు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, వేరు. ఇంకొకటి సర్వర్ ర్యామ్. పెద్ద ఆఫీసుల్లో తీసేసిన సర్వర్ల నుంచి ఊడదీసింది పాత సామాను బజార్లో చవగ్గా వస్తుంది. స్లాట్‌లో కూడా చక్కగా కూర్చుంటుంది. ఇళ్లలో వాడే మామూలు బోర్డులో పనిచేయదు. లేబుల్ మీద రిజిస్టర్డ్ అనో, ఆర్ ఈసీసీ అనో ఉంటే, ఎంత చవకైనా మీది కాదని వదిలేయండి.

ఇప్పుడు మన నేల సంగతి. పల్నాటి కంప్యూటర్‌కి హైదరాబాదు కంప్యూటర్‌కి లేని కష్టాలున్నాయి. పిడుగురాళ్లలో సున్నం బట్టీల బూడిద, మిరప సీజన్లో కల్లాల నుంచి లేచే ఘాటు దుమ్ము, ఎండాకాలం రెంటచింతల ఎండ. రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడని అడిగితే ముందుగా వినపడే పేరు రెంటచింతలే. ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ విప్పితే స్లాట్ల మీద ఎర్రటి పొడి పొరగా పేరుకుని ఉంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ర్యామ్ ఆ దుమ్ములోనే సర్దుకుని పనిచేస్తుంటుంది. దాన్ని మనం కదిలించగానే పక్కనున్న పొడి వెళ్లి పళ్ల మధ్య కూర్చుంటుంది. నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవకపోవటానికి మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. అందుకని ర్యామ్ తీయకముందే దుమ్ము దులపాలి. మెత్తటి రంగుల బ్రష్షుతో, బ్లోయర్‌తో, ఆరుబయట. బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

ర్యామ్ పళ్లను చెరిపే రబ్బరుతో రుద్దటం మన మెకానిక్కులందరికీ అలవాటు. నల్లగా మకిలి పట్టినప్పుడు తెల్ల రబ్బరుతో మెల్లగా రెండుసార్లు రుద్ది, ఆ రజను పూర్తిగా తుడిచేస్తే తప్పులేదు. ఉప్పుకాగితంతో రుద్దేవాళ్లను కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. బంగారం అక్కడ పూతగా మాత్రమే ఉంది, ఒక్క రుద్దుకి లేచిపోతుంది, తర్వాత ఆ ర్యామ్‌ని ఎవరూ బాగు చేయలేరు. సెల్‌ఫోన్ రిపేరు కొట్లలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది తుడిస్తే అన్నిటికన్నా మంచిది.

అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ రాకపోతే ఇంకొకటి చూడండి. రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది మదర్‌బోర్డు మీద, సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. ప్లగ్గు తీసి, దాన్ని అయిదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ వేయండి. పాత ర్యామ్ కోసం దాచుకున్న లెక్కలు బోర్డు మరిచిపోయి కొత్తగా చూసుకుంటుంది. తేదీ, టైము తప్పుగా చూపిస్తే సరిచేసుకోండి, అది పెద్ద విషయం కాదు.

డీడీఆర్5 కొత్త కంప్యూటర్లు కొన్న పిల్లలకు వేరే మాట. వాటిలో కొత్త ర్యామ్ వేసిన మొదటిసారి బోర్డు ఆ ర్యామ్‌తో వేగం కుదుర్చుకోవటానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ప్రతి నిమిషానికీ స్విచ్ ఆపి వేసి, ఆపి వేసి, రోజంతా ఏడుస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్యమన్నాను. వచ్చింది.

బొమ్మ వచ్చినా, పని మధ్యలో నీలం తెర పడి ఆగిపోతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చెడ్డ ర్యామ్, బొమ్మే రాని కంప్యూటర్ కన్నా ప్రమాదం. అంకెలు తప్పు దాచి, ఆ తప్పునే హార్డ్‌డిస్క్ మీద రాస్తుంది. విండోస్‌లోనే ర్యామ్ పరీక్ష ఉంది, వెతికేచోట విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని కొడితే వస్తుంది. మెమ్‌టెస్ట్86 అని ఉచితంగా దొరికేది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక రాత్రంతా నడపొచ్చు. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ వెనక్కి ఇచ్చెయ్యండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. పాత సిస్టమ్‌లకు ర్యామ్ పెంచి కొత్త విండోస్‌కి మారదామని చాలామంది చూస్తున్నారు. అదే సమయంలో కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు ప్రపంచంలో మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవటంతో ధరలు బాగా పెరిగాయి. కాబట్టి కొనేముందు ఆలోచించండి. మీ కంప్యూటర్‌లో ఇంకా పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, 4 జీబీ ర్యామ్ ఉన్నా సరే, ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. నేను బాగుచేసిన పాత మిషన్లలో ఎక్కువ వాటికి ర్యామ్ ఇచ్చిన వేగం కన్నా అది ఇచ్చిన వేగమే ఎక్కువ.

నా తోటి మెకానిక్కులకు ఒక్క మనవి. బోర్డు పోయిందనే మాట చెప్పటానికి ముందు ర్యామ్ తీసి బీప్ వినండి, ఇంకో మంచి ర్యామ్ వేసి చూడండి, ఆ రెండూ కస్టమర్ ముందే చేయండి. ఒక నెట్ సెంటర్ కుర్రాడికి కొత్త బోర్డంటే చిన్న ఖర్చు కాదు.

వింటున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ర్యామ్ వేశాక ఆగిపోయి, పోయిందనుకుని అటకెక్కించిన కంప్యూటర్ ఉంటే ఈ ఆదివారం దాన్ని కిందికి దించండి. దుమ్ము దులిపి, ఒకే ఒక్క ర్యామ్, పాతదే, టిక్కు మనేలా నొక్కి, స్విచ్ వేసి చూడండి. దాన్ని ఎవరికైనా తూకానికి ఇచ్చేసేముందు ఆ ఒక్క పని చేయండి.